ఒక గిటారు పికప్పు ఇంకొక గిటారులో

1970ల నడిమికాలమున, అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రమునందు పసడీనా నగరవాసియైన ఎడ్వర్డ్ వాన్ హేలెన్ అను యువ వాద్యకారునికి రెండు జాతుల గిటార్లయందును మక్కువ యుండెను గాని, ఆ రెంటిలో ఏదియు అతనికి సంపూర్ణమైన తృప్తి నొసగలేదు. ఫెండర్ కంపెనీవారి స్ట్రాటోకాస్టర్ ఆకృతియు, తీగల బిగువును క్షణములో సడలించి మరల యథాస్థితికి తెచ్చు దాని ట్రెమొలో కడ్డీయు అతనికి నచ్చినవి. అయితే తీగల కంపనమును విద్యుత్సంకేతముగ మార్చు దాని పికప్పుల ధ్వని పలుచనై, విద్యుత్తు రొదతో కూడియుండెను. గిబ్సన్ కంపెనీవారి గిటార్లలోని హంబకర్ అను పికప్పు దట్టమైన, నిండైన నాదమునిచ్చుచుండెను. అయితే ఆ గిటార్లలో పెక్కింటికి అట్టి కడ్డీ లేదు. అతడు 50 డాలర్లకు ఒక గిటారు చెక్కను, 80 డాలర్లకు ఒక మెడను కొని, తనయొద్దనున్న గిబ్సన్ ఈఎస్-335 గిటారునుండి హంబకరును ఊడదీసి, కొత్త చెక్కలో ఉలితో గుంట తొలిచి, అందులో బిగించెను. 1978 ఫిబ్రవరిలో వెలువడిన వాన్ హేలెన్ బృందపు తొలి ఆల్బములో ప్రధానముగ మ్రోగినది ఆ గిటారే. తరువాత ఫ్రాంకెన్‌స్టైన్ అను పేర లోకప్రసిద్ధమై, 2019లో న్యూయార్కులోని మెట్రోపాలిటన్ మ్యూజియములో రాక్ సంగీత వాద్యముల ప్రదర్శనమునందు అది స్థానము పొందినది.

చెక్కను తొలిచి, పాత తీగలను విప్పి, టంకము వేసి, ఒక జాతి పికప్పు ఉండవలసిన చోట మఱియొక జాతి పికప్పును నిలుపు ఈ పనిని నాటినుండి నేటివఱకు ఎందఱో వాద్యకారులు చేయుచునే యున్నారు. వారిలో పెక్కుమంది, నాదమంతయు పికప్పులోనే నిక్షిప్తమై యుండుననియు, దానిని తెచ్చి పెట్టినంతనే ఆ పెద్ద గిటారు ధ్వని దాని వెంట నడచివచ్చుననియు తలంతురు. ఇది సగమే సత్యము. పికప్పు పైనున్న ఉక్కు తీగతో అయస్కాంత సంబంధమును, వెనుకనున్న వాల్యూమ్ కంట్రోలుతోను పొడవైన కేబులుతోను విద్యుత్సంబంధమును కలిగియున్నది. ఈ సంబంధములన్నియు కలిసి పనిచేయునప్పుడే దానికొక కంఠము ఏర్పడుచున్నది. కనుక పికప్పును మార్చువాడు తాను మార్చునది ఒక వస్తువును కాదనియు, ఒక వలయములోని ఒక భాగమును మాత్రమే యనియు ముందుగా గ్రహింపవలయునని నా దృఢమైన అభిప్రాయము.

పికప్పు పనిచేయు విధానమునకు 1831లో మైకేల్ ఫారడే వెల్లడించిన విద్యుదయస్కాంత ప్రేరణమే ఆధారము. ఉక్కు తీగ క్రింద ఒక అయస్కాంతమును, దాని చుట్టును వేలకొలది చుట్లుగా చుట్టిన సన్నని రాగి తీగను ఉంచినప్పుడు, అయస్కాంతము తన కెదురుగా నున్న ఉక్కు తీగ భాగమును అయస్కాంతీకరించును. మీటగానే ఆ తీగ ఊగుచు దగ్గఱకు వచ్చుచు దూరముగ పోవుచు నుండుటచేత, చుట్ట గుండ ప్రసరించు అయస్కాంత అభివాహము హెచ్చుచు తగ్గుచు నుండును. ఆ మార్పునకు అనుగుణముగ చుట్టలో స్వల్పమైన వోల్టేజి జనించును. అది వోల్టులో పదవ వంతు ప్రాంతమున నుండి, గట్టిగా మీటినప్పుడు ఒక వోల్టు వఱకు పోవుటయు కలదు. మైక్రోఫోను గాలిలోని శబ్దమును గ్రహించును; పికప్పు గ్రహించునది ఉక్కు చలనమును మాత్రమే. అందుచేతనే నైలాన్ తీగల గిటారుకు ఈ పికప్పును ఎంత చేరువగా బిగించినను ఫలితముండదు. జార్జి బీచమ్ అను వాద్యకారుడు రెండు లాడపు అయస్కాంతములతో ఇట్టి పికప్పును నిర్మించి, 1931లో ఒడిలో పెట్టుకొని వాయించు గిటారుకు అమర్చెను. దానిపై పేటెంటు 1937లో లభించినది.

ఉక్కు తీగలు గల ఏ వాద్యమునకైనను ఈ సూత్రము వర్తించును. పశ్చిమ గోదావరి జిల్లా పాలకొల్లులో 1969లో జన్మించిన ఉప్పలపు శ్రీనివాస్, నాలుగు జంట తీగలు గల సంప్రదాయ మాండలినును విడిచి ఐదు ఒంటి తీగలు గల ఎలక్ట్రిక్ మాండలినును చేపట్టి కర్ణాటక సంగీతమునకు ఒక నూతన వాద్యమును ప్రసాదించినారు. జంట తీగలపై గమకమును పలికించుట కష్టము. ఒంటి తీగ సులభముగ వంగును గాని, చిన్న వాద్యముపై దాని సహజ ధ్వని క్షణములో ఆఱిపోవును. ఆ ఆఱిపోవుచున్న స్వల్ప కంపనమును సైతము చెవికి అందునంతటి ధ్వనిగ పెంచుటకు మూలమైన సాధనము పికప్పే. మన రాగాలాపనకు అది చేసిన ఈ ఉపకారమును తలచుకొన్నపుడెల్ల నాకు ఆ చిన్న పరికరముపై గౌరవము ఇనుమడించును.

అయితే ఆ రాగి చుట్టకు ఒక సహజదోషము కలదు. ఉక్కు తీగ కలిగించు అయస్కాంతపు మార్పేదో, గదిలోని ట్రాన్స్‌ఫార్మరులును, మోటారులును, ట్యూబ్‌లైటు చోకులును కలిగించు మార్పేదో దానికి తెలియదు. మన దేశములో సెకనుకు 50 ఆవర్తనములు, అమెరికాలో 60 ఆవర్తనములు చేయు ఏకాంతర విద్యుత్తు తన చుట్టును సృష్టించు క్షేత్రమంతయు ఆ చుట్టలో ప్రవేశించి, యాంప్లిఫయరులో పెరిగి, గుయ్యిమను రొదగా బయల్వెడలును. స్ట్రాటోకాస్టరులో నుండునట్టి, ఒకే చుట్ట గల సింగిల్ కాయిల్ పికప్పుల కన్నింటికిని ఈ దోషము జన్మతః సంక్రమించినదే.

మిషిగన్ రాష్ట్రము కలమజూలోని గిబ్సన్ కర్మాగారమున ఇంజనీరైన సెత్ లవర్ దీనికి చేసిన చికిత్స, నా దృష్టిలో, సంగీత వాద్యముల చరిత్రలోని అత్యంత సుందరమైన యుక్తులలో నొకటి. అతడు ఒక చుట్టకు బదులు రెండు చుట్టలను ప్రక్కప్రక్కన నిలిపెను. వానిని విద్యుద్దృష్టిచే ఒకదానికొకటి ఎదురు దిశలలో పనిచేయునట్లు కలిపెను. అంతటితో ఆగక, ఒక చుట్టలో అయస్కాంతపు ఉత్తరధ్రువము, రెండవదానిలో దక్షిణధ్రువము తీగలవైపు చూచునట్లు అమర్చెను. ఇప్పుడు ఫలితమును పరిశీలింపుడు. బయటినుండి వచ్చు రొదకు పికప్పులోని అయస్కాంతముతో ఏ సంబంధమును లేదు. అది రెండు చుట్టలలోను సమానముగ ప్రవేశించి, చుట్ల దిశ ఎదురగుటచేత ఒకచోట ధనముగను ఒకచోట ఋణముగను మారి, పరస్పరము రద్దగును. తీగ కంపనము వలన పుట్టిన సంకేతము మాత్రము అయస్కాంతము తలక్రిందగుటచేత ఒకమాఱును, చుట్టు దిశ మారుటచేత మఱొకమాఱును తిరుగబడును. రెండుమార్లు తిరుగబడినది యథాస్థానమునకే వచ్చును గనుక, రెండు చుట్టలలోని సంకేతములు కలిసి ద్విగుణితమగును. శత్రువు ఒక్కమాఱే తిరుగుననియు, మిత్రుడు రెండుమార్లు తిరుగుననియు గ్రహించుటయందే లవర్ ప్రతిభ యంతయు నున్నది. 1955 జూన్ 22న అతడు పేటెంటుకు దరఖాస్తు చేసెను. 1957 నుండి గిబ్సన్ గిటార్లలో హంబకర్ అను ఆ పికప్పులు కనబడెను. 1959 జూలై 28న పేటెంటు లభించెను. ఆ తొలినాళ్ల పికప్పుల అడుగున "పేటెంటుకు దరఖాస్తు చేయబడినది" అను అర్థమిచ్చు ఆంగ్లపదములు గల చీటీ అంటింపబడుటచేత, ఆ పదముల ఆద్యక్షరములను బట్టి వానికి పీఏఎఫ్ అను పేరు స్థిరపడినది.

రొద పోయినది సరే. నాదము ఏల మారినది? ఇచ్చటనే విషయము మిక్కిలి రసవత్తరమగుచున్నది. మనుష్యుని తలవెండ్రుకవలె సన్ననైన, సుమారు 0.063 మిల్లీమీటర్ల వ్యాసము గల రాగి తీగను స్ట్రాటోకాస్టర్ పికప్పులో ఇంచుమించు 8,000 చుట్లుగను, పీఏఎఫ్ హంబకరులో ఒక్కొక్క చుట్టలో 5,000 చొప్పున మొత్తము 10,000 చుట్లుగను చుట్టుదురు. చుట్లతోబాటు లోపలి ఉక్కు మరలు, కడ్డీలు కూడ తోడగుటచేత, మొదటిదాని ప్రేరకత్వము 2 హెన్రీల పైచిలుకు, రెండవదాని ప్రేరకత్వము 4, 5 హెన్రీల నడుమ నుండును. ఈ ప్రేరకత్వము ఒంటరిగా నుండదు. గిటారునుండి యాంప్లిఫయరుకు పోవు కేబులు మీటరుకు సుమారు 100 పికోఫారడ్ల ధారితను కలిగియుండును. ఐదు మీటర్ల కేబులునకు 500, చుట్టల సొంత ధారితకు మఱొక 100 వేసికొన్నచో, 2.2 హెన్రీల సింగిల్ కాయిల్ ఇంచుమించు 4,400 హెర్ట్జ్ వద్దను, 4.5 హెన్రీల హంబకరు ఇంచుమించు 3,100 హెర్ట్జ్ వద్దను అనునాదము చెందునని లెక్క తేలును. అనునాద స్థానమున ధ్వని ఉబ్బెత్తుగ లేచి, దాని పైనున్న పౌనఃపున్యములు వేగముగ క్షీణించును. మానవ శ్రవణేంద్రియము 2,000 మొదలు 5,000 హెర్ట్జ్ వఱకు గల ప్రాంతమున మిక్కిలి సూక్ష్మగ్రాహి యగుటచేత, ఆ ప్రాంతములోనే అనునాదము ఒకింత పైకిగాని క్రిందికిగాని జరిగినను వినువానికి గొప్ప భేదముగ తోచును. సింగిల్ కాయిల్ యొక్క మెఱుపునకును, హంబకర్ యొక్క గాంభీర్యమునకును ప్రధాన కారణమిదియే.

రెండవ కారణము జ్యామితికి సంబంధించినది. హంబకరులోని రెండు చుట్టల కేంద్రముల నడుమ సుమారు 18 మిల్లీమీటర్ల దూరముండును. అనగా అది తీగను ఒక బిందువున కాక రెండు బిందువుల వద్ద గమనించును. తీగలోని ఏ అనుస్వరపు తరంగదైర్ఘ్యము 36 మిల్లీమీటర్లో, దానికి ఆ రెండు బిందువులును సరిగా ఎదురెదురు దిశలలో కదలును. ఒక చుట్ట చెప్పినదానిని రెండవ చుట్ట కాదనును. ఆ అనుస్వరము మాయమగును. ఫెండర్ గిటారు తీగ కంపించు పొడవు 648 మిల్లీమీటర్లు గనుక, అది 36వ అనుస్వరము. సెకనుకు 82 మార్లు కంపించు అత్యంత లావైన తీగకు అది 3,000 హెర్ట్జ్ సమీపమున, అనగా చెవికి ముఖ్యమైన తావునే పడును. సెకనుకు 330 మార్లు కంపించు సన్నని తీగకు 12,000 హెర్ట్జ్ చేరువ పడుటచేత, అంతకుముందే అనునాదము దానిని అణచివేసి యుండును. కావున చుట్టల ఎడము వలన కలుగు మెత్తదనము లావు తీగలపై ఎక్కువగను, సన్నని తీగలపై తక్కువగను తెలియును.

ఇక వాల్యూమ్ కంట్రోలు సంగతి. అది పికప్పునకు అడ్డముగ నిలిచిన ఒక నిరోధము; ఆ నిరోధము ఎంత తక్కువైనచో అనునాదపు ఉబ్బు అంతగా అణగును. ఫెండర్‌వారు తమ మెఱుపైన సింగిల్ కాయిల్ పికప్పులకు 250 కిలోఓముల కంట్రోలును, గిబ్సన్‌వారు తమ గంభీరమైన హంబకర్లకు 500 కిలోఓముల కంట్రోలును వాడుట యాదృచ్ఛికము కాదు. స్ట్రాటోకాస్టరులో పాత కంట్రోలును అట్లే యుంచి హంబకరును బిగించినవాడు, ముందే క్రిందికి దిగిన అనునాదమును మఱింత అణచివేసి, ధ్వని మూసుకొనిపోయినదని వాపోవును, పికప్పును నిందించును, మఱియొకటి కొనును. దోషము చౌకైన చిన్న భాగములో నుండగా ఖరీదైన భాగమును మార్చుట నాకు ఎల్లప్పుడును బాధ కలిగించు విషయము. వాన్ హేలెన్ తన గిటారులో టోన్ కంట్రోలును పూర్తిగా తొలగించి, పికప్పునకును జాకునకును నడుమ ఒకే ఒక వాల్యూమ్ కంట్రోలును నిలిపెను. ఆ కంట్రోలు పిడిపై "టోన్" అని వ్రాసియున్నను అది చేయుపని వాల్యూముదే. నిరోధపు భారము ఒకటి తగ్గుటచేత అతని హంబకరు తన పూర్ణకంఠముతో పలికినది. ఒకే గిటారులో రెండు జాతుల పికప్పులును నిలుపదలచినవారు 500 కిలోఓముల కంట్రోలును పెట్టి, సింగిల్ కాయిల్ పికప్పు ఎన్నికైనపుడు మాత్రము దానికి సమాంతరముగ 470 కిలోఓముల నిరోధకము చేరునట్లు చేసినచో, దానికి ఇంచుమించు 242 కిలోఓముల పాత పరిసరమే లభించును.

చెక్కపని యొద్దకు వత్తము. హంబకరు సుమారు 70 మిల్లీమీటర్ల పొడవు, 38 మిల్లీమీటర్ల వెడల్పు గలది. స్ట్రాటోకాస్టర్ పికప్పు వెడల్పు అందులో సగమైనను లేదు. కనుక పాత నమూనా చెక్కలో గుంటను వెడల్పు చేయక తప్పదు. ఇటీవలి చెక్కలలో పెక్కింటికి కర్మాగారమునందే హంబకరు పట్టునంతటి గుంట తొలిచి, పైని ప్లాస్టిక్ ఫలకముతో కప్పుచున్నారు. కాబట్టి ఉలి పట్టుటకు ముందు ఆ ఫలకము మరలు విప్పి చూచుట వివేకము. గుంట తొలిచినను మఱొక చిక్కు కలదు. గిబ్సన్ పికప్పులో మొదటి మరకును ఆఱవ మరకును నడుమ 50 మిల్లీమీటర్లకు కొంచెము తక్కువ దూరముండగా, ఫెండర్ గిటారులో బ్రిడ్జికి చేరువ తీగల విస్తారము 52, 53 మిల్లీమీటర్లుండును. అంచు తీగలు మరలపై నుండక ప్రక్కకు తొలగును. వాన్ హేలెన్ పికప్పును వాలుగా బిగించుటకు కారణమిదియే: వాలుగ నున్నపుడు రెండు వరుసలలో ఏదో యొకటి ప్రతి తీగకును చేరువగును. నేడు పికప్పుల తయారీదారులు ఫెండర్ విస్తారమునకు సరిపోవు హంబకర్లను వేఱుగ చేయుచున్నారు గనుక కొనునప్పుడే కొలత అడుగవచ్చును. బిగ్గరగా వాయించునప్పుడు చుట్టలోని వదులు తీగలు తామే కంపించి కీచుమని అఱచుటయు కలదు. పికప్పును కరగిన పారఫిన్ మైనములో ముంచి, ఆ మైనము సందులలో గట్టిపడునట్లు చేయుట దీనికి మందు. మైనపు వేడి 65 డిగ్రీల సెల్సియస్ దాటినచో ప్లాస్టిక్ బాబిన్ మెత్తబడి వంకరపోవును.

1950లలో గాని 1960లలో గాని నిర్మింపబడి, చెక్క చెడక నిలిచియున్న పాత స్ట్రాటోకాస్టరును ఎవ్వరును తొలువరాదని నేను గట్టిగా చెప్పుదును. తొలిచిన చెక్క తిరిగి రాదు. చెక్కను తొలువదలచనివారికొఱకే సింగిల్ కాయిల్ పరిమాణములో ఇమిడిన హంబకర్లు వెలసినవి: కొన్నింటిలో రెండు సన్నని చుట్టలు ప్రక్కప్రక్కనను, కొన్నింటిలో ఒకదానిపై నొకటియు నుండును. 1970లలో లారీ డిమార్జియో, సేమూర్ డంకన్ మున్నగువారు మార్పిడి పికప్పులనే వృత్తిగ చేపట్టుటతో ఇట్టివి సులభముగ దొరకసాగినవి. విశేషమేమనగా, ఫెండర్ కంపెనీయే 1967లో సెత్ లవర్‌ను తన కొలువులోనికి తెచ్చుకొని, తన గిటార్లకు తగిన హంబకరును చేయించుకొన్నది. వైడ్ రేంజ్ అను ఆ పికప్పులో అతడు అయస్కాంతములనే మరలుగ చేయదలచెను. సాధారణముగ వాడు ఆల్నికో అను అయస్కాంతపు మిశ్రలోహము మిక్కిలి కఠినమై మరచుట్లు కోయుటకు లొంగదు. కనుక రాగి, నికెలు, ఇనుములతో కూడిన క్యూనిఫే అను మిశ్రలోహమును గ్రహించెను. 1970ల తొలినాళ్ల ఫెండర్ టెలికాస్టర్ గిటార్లలో కొన్ని ఈ పికప్పుతోనే వెలువడినవి.

అన్నియు అమర్చిన పిమ్మట టంకము వేయుటకు ముందు చూడవలసినది దశ. కొత్త హంబకరును, గిటారులో మునుపటినుండి యున్న నడిమి సింగిల్ కాయిలును కలిపి మ్రోగించినపుడు రెండింటి సంకేతములు ఎదురెదురుగ నున్నచో, ధ్వని బలపడుటకు మాఱుగా డొల్లగా, ముక్కుతో పలికినట్లు వినబడును. దీనిని ముందే కనుగొనుట సులభము. ముల్లు గల మీటరును పికప్పు కొనలకు తగిలించి, ఒక స్క్రూడ్రైవరును మరలపై తాకించి చూడవలెను. రెండు పికప్పులలోను ముల్లు ఒకే వైపునకు దుమికినచో దశ సరిపోయినది. లేనిచో కొత్త పికప్పు రెండు తీగలను తారుమారు చేయవలెను. అయితే పాతకాలపు హంబకరులో ఎర్తు తీగయే లోహపు అల్లికయై పికప్పు మూతకు కలిసియుండును. దానిని తారుమారు చేసినచో మూత సంకేతపు తీగతో కలిసి, చేయి సోకినప్పుడెల్ల రొద చేయును. అందుచేత ఇట్టి పనికి నాలుగు తీగలును అల్లికయు వేఱువేఱుగ బయటికి వచ్చు హంబకరునే కొనుట మంచిది.

ఆ నాలుగు తీగలవలన మఱియొక సౌకర్యమును కలదు. ఒక చుట్టను ఎర్తుకు కలిపి నిద్రపుచ్చి, రెండవ చుట్టను మాత్రము వినవచ్చును. హంబకరు అప్పటికి సింగిల్ కాయిల్ అగును, రొదయు తిరిగివచ్చును. అయితే ఆ మిగిలిన చుట్టను నడిమి పికప్పుతో కలిపి వాయించు సందర్భములో, ఏ చుట్టను మిగిల్చితిమను దానిని బట్టి రొద యుండుటయో పోవుటయో నిర్ణయమగును. ముందుగా చిన్న దిక్సూచితో నడిమి పికప్పు పైభాగపు ధ్రువమును గుర్తించి, హంబకరు రెండు చుట్టలలో దానికి విరుద్ధ ధ్రువమును పైకి చూపునది ఏదియో చూడవలెను. దశ సరిపోయియుండి ధ్రువము విరుద్ధమైనచో చుట్టు దిశయు విరుద్ధమై యుండక తప్పదు గనుక, ఆ చుట్టను వినుటకు మిగిల్చి రెండవదానిని ఎర్తుకు కలిపినయెడల, వేఱువేఱు కంపెనీలలో తయారైన రెండు పికప్పులు కలిసి లవర్ చేసిన హంబకరు వలెనే రొదను రద్దు చేయును.